యంత్రము చెప్పినది, శాస్త్రము ఒప్పినది

2023 నవంబరు 29వ తేదీన "నేచర్" పత్రికలో ఒకేరోజు రెండు పరిశోధన వ్యాసములు వెలువడినవి. మొదటిది గూగుల్ డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులది. "నోమ్" అని పేరుపెట్టిన తమ కంప్యూటరు పద్ధతి 22 లక్షల స్ఫటిక నిర్మాణములను ఊహించినదనియు, వానిలో సుమారు 3,80,000 నిలుకడ గలవిగా లెక్కకు వచ్చినవనియు వారు తెలిపినారు. అంతకు ముందు ఈ లెక్క 48,000 మాత్రమే. ఇది దాదాపు 800 సంవత్సరముల విజ్ఞానమునకు సమానమని సంస్థవారే చెప్పుకొన్నారు. రెండవ వ్యాసము అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల నుండి వచ్చినది. అక్కడి "ఎ-ల్యాబ్"లో యంత్రములే చూర్ణములను కలుపును, కొలిమిలో కాల్చును, ఎక్స్-కిరణములతో పరీక్షించును. ఆ శాల 17 రోజులలో, తలపెట్టిన 58 కొత్త పదార్థములలో 41 తయారుచేసినదని వ్యాసము చెప్పినది.

ఈ వార్త నోటినుండి నోటికి పోవునప్పటికి "కంప్యూటరు 22 లక్షల కొత్త పదార్థములను కనిపెట్టినది" అను రూపము దాల్చినది. నల్లబల్ల మీదికి కూడ ఇదే రూపములో ఎక్కు ప్రమాదమున్నది. ఆ పదార్థములెక్కడ ఉన్నవి, ఒకటి చూపింతురా అని చురుకైన విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడేమి చెప్పవలెను? వానిలో అత్యధికభాగము సీసాలలో లేవు. కంప్యూటరులో పట్టికలుగా ఉన్నవి. ఊహించుట వేరు, కనిపెట్టుట వేరు. ఆ రెంటి మధ్యనున్న దూరము ఒక్కొక్క శాస్త్రములో ఒక్కొక్క విధముగా ఉండును. యంత్రముల సహాయముతో జరిగిన ఇటీవలి పరిశోధనలను తూచుటకు ఈ దూరమే సరియైన త్రాసు.

నోమ్ చేయు పని స్థూలముగా ఇది. తెలిసిన స్ఫటికములో ఒక మూలకము స్థానమున దానిని పోలిన మరియొక మూలకమును ప్రవేశపెట్టుట వంటి ఉపాయములతో లక్షలకొలది అమరికలను కల్పించును. ప్రతి అమరికకు శక్తి ఎంత ఉండునో అంచనా కట్టును. అవే పరమాణువులు విడిపోయి వేరు పదార్థములుగా మారినచో శక్తి ఇంకను తగ్గునా అని చూచును. తగ్గునట్లయిన ఆ స్ఫటికము వాలుమీది రాయి వంటిది, ఎప్పుడో దొర్లవలసినదే. తగ్గనిచో నిలుకడ గలదని జాబితాలో చేరును. మంచివని తోచినవానిని క్వాంటం సిద్ధాంతముపై ఆధారపడిన దీర్ఘ గణనతో సరిచూచి, ఆ ఫలితములతో యంత్రమునకు మరల శిక్షణ ఇచ్చినారు. పద్ధతి మెచ్చదగినదే. కాని ఇందులో రెండు విషయములు ముందుగానే అనుకొన్నవి ఉన్నవి. లెక్క పరమశూన్య ఉష్ణోగ్రతకు చెందినది. పదార్థము తయారగునది మండుచున్న కొలిమిలో. రెండవది, స్ఫటికములో ప్రతి పరమాణువునకు ఒక నిర్ణీత స్థానము ఉండునని లెక్క అనుకొనును.

తగవు ఈ రెండవదాని వద్ద వచ్చినది. తరగతిలో ఒక బాలుడు, ఒక బాలిక, మరల ఒక బాలుడు, ఒక బాలిక వరుసగా కూర్చుండవలెనని ఉపాధ్యాయుడు కాగితముమీద వ్రాసుకొనవచ్చును. గంట కొట్టగానే పిల్లలు తమకు తోచిన బల్లమీద కూర్చుందురు. హాజరుపట్టీ తెరచి చూచినచో అది పాత తరగతియే. ఒకదానినొకటి పోలిన రెండు లోహముల పరమాణువులు వేడిలో చేయునదియు ఇంతే. ఎవరి స్థానమను నియమము లేకుండ కలిసిపోవును. అట్టి క్రమరహిత పదార్థములు అనేకము రసాయనశాస్త్రజ్ఞులకు ఇదివరకే తెలిసినవి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన రాబర్ట్ పాల్‌గ్రేవ్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన లెస్లీ షూప్, వారి సహచరులు ఎ-ల్యాబ్ ఫలితములను ఒక్కొక్కటిగా పరిశీలించి 2024 మార్చిలో విమర్శ ప్రకటించినారు. తయారైనవని చెప్పినవానిలో సుమారు మూడింట రెండువంతులు తెలిసిన క్రమరహిత పదార్థములే అయి ఉండవచ్చుననియు, మొత్తముమీద ఒక్క కొత్త పదార్థము కూడ బయటపడలేదనియు వారు తేల్చినారు.

పొరపాటు ఎట్లు జరిగినది? ఎక్స్-కిరణ వివర్తన పటము పదార్థమునకు వేలిముద్ర వంటిది. క్రమముగల అమరికకు, క్రమరహిత అమరికకు ముఖ్యమైన శిఖరములన్నియు ఇంచుమించు ఒకేచోట వచ్చును. తేడా సన్నని చిన్న శిఖరములలో మాత్రమే కనిపించును. వానిని చూడవలసినది అనుభవముగల కన్ను. ఎ-ల్యాబ్‌లో పటమును చదివినదియు యంత్రమే. ఏ పదార్థము కావలెనని అడిగినవారే వచ్చినదదేనని తీర్పు చెప్పుకొన్నట్లయినది. తమ ఉద్దేశము యంత్రశాల ఎంతవరకు స్వయముగా పనిచేయగలదో చూపుట అనియు, పటములను నిపుణుడు ఇంకను బాగుగా చదువగలడనియు ప్రయోగశాలవారు సమాధానమిచ్చినారు. ఈ సమాధానమున నిజమున్నది. రాత్రింబగళ్లు విసుగులేక చూర్ణములు కలుపు యంత్రము సామాన్యమైనది కాదు. కాని వెలువడిననాటి వ్యాసము శీర్షికలోనే "కొత్త పదార్థములు" అను మాట ఉండినది. యంత్రము నేర్పును మెచ్చినంతమాత్రమున ఆ మాట నిలువదు.

నోమ్ జాబితాను కూడ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంటా బార్బరా శాఖలోని చీతమ్, శేషాద్రి అను ఇద్దరు 2024లో పరిశీలించినారు. కొత్తదనము, నమ్మదగినతనము, ఉపయోగము అను మూడును ఒకేచోట కలిసిన ఉదాహరణలు అరుదని వారి అభిప్రాయము. ప్రొమీథియం వంటి దుర్లభమైన రేడియోధార్మిక మూలకముల సమ్మేళనములు కూడ ఆ పట్టికలో ఉన్నవి. వాటితో బ్యాటరీ చేయువారెవరు? ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఆ జాబితాలోని 736 నిర్మాణములను ఇతరులు వేరుగా ప్రయోగశాలలలో తయారుచేసి ఉన్నారని మూలవ్యాసమే తెలిపినది. అనగా ఊహలు గాలిలోనివి కావు. 736కును 22 లక్షలకును గల అంతరమే ఇక్కడ ప్రశ్న.

2023 జూలైలో దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు ప్రకటించిన "ఎల్‌కె-99" కథను దీనిప్రక్కన పెట్టి చూడవలెను. సీసము, భాస్వరము, ఆక్సిజనుగల ఖనిజములో కొంత రాగిని చేర్చినచో 127 సెంటీగ్రేడు డిగ్రీల వరకు విద్యున్నిరోధము లేని అతివాహకము లభించునని వారన్నారు. ఇందులో కృత్రిమ మేధ ఏమియు లేదు; మూస, కొలిమి చాలును. వారు తయారీ విధానమును ప్రకటించినందున ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మొదలు అనేకచోట్ల దానిని వండి చూచినారు. నిరోధము హఠాత్తుగా పడిపోవుటకు కారణము అందు మలినముగా చేరిన రాగి సల్ఫైడని తేలినది. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థవారు చేసిన శుద్ధ స్ఫటికము విద్యుత్తును ప్రవహింపనీయని బంధకముగా ఉన్నది. ఆగస్టు సగము గడచుసరికి వాదము ముగిసినది. దీనిని అపహాస్యము చేసినవారున్నారు గాని, మూడు నాలుగు వారములలో తప్పని తేలగల మాట శాస్త్రమునకు అంత హాని చేయదు. లక్షల వరుసల పట్టికను ఎవరు వండి చూడగలరు?

గణితములో ఈ దూరము ఇంచుమించు పూర్తిగా చెరగిపోవుచున్నది. బత్తాయిపండ్ల అంగడిలో పండ్లను పేర్చు తీరుకన్న గోళములను దట్టముగా పేర్చుట సాధ్యము కాదని 1611లో కెప్లర్ అన్నాడు. 1998లో థామస్ హేల్స్ కంప్యూటరు సహాయముతో దానిని నిరూపించినాడు. 12 మంది పరీక్షకులు సంవత్సరములకొలది చూచి, నూటికి 99 పాళ్లు నమ్మకమున్నదని చేతులెత్తినారు. ఆ ఒక్క పాలు కొరకు హేల్స్ మరల బృందమును కూర్చి, ప్రతి మెట్టును తర్కనియమములతో సరిచూచు కంప్యూటరు పద్ధతిలో నిరూపణను వ్రాయించినాడు. 2014లో అది ముగిసినది. ఇటువంటి పనియే 2024లో మరియొకటి జరిగినది. ఐదు స్థితులు, 0 లేదా 1 మాత్రము వ్రాయగల టేపు ఉన్న ట్యూరింగ్ యంత్రములలో, ఎప్పటికైనను ఆగునవి గరిష్ఠముగా ఎన్ని అడుగులు నడచును? 1989లో ఇద్దరు జర్మనులు 4,71,76,870 అడుగులు నడచి ఆగు యంత్రమును కనిపెట్టినారు. అంతకన్న ఎక్కువ నడచి ఆగునది లేదని చెప్పుటకు 35 సంవత్సరములు పట్టినది. చెప్పినవారిలో విశ్వవిద్యాలయ పదవి లేని అభిరుచిపరులు పలువురు ఉన్నారు. వారి డిగ్రీలనెవరూ అడుగలేదు. నిరూపణను "కాక్" అను తనిఖీ కార్యక్రమము అంగీకరించినది, అంతటితో సరి.

ప్రోటీనుల విషయమున దూరము కొలువదగినట్లున్నది. 1994 నుండి రెండేండ్లకొకసారి ఒక పరీక్ష జరుగుచున్నది. ప్రయోగముతో ఆకారము తెలిసినను ఇంకను ప్రకటించని ప్రోటీనుల అమైనో ఆమ్ల వరుసను మాత్రము అభ్యర్థులకు ఇత్తురు. జవాబు పరీక్షకుల పెట్టెలో ఉండును. 2020లో డీప్‌మైండ్ వారి "ఆల్ఫాఫోల్డ్" ఈ పరీక్షలో నెగ్గినది. నోమ్‌ను చేసినదియు, దీనిని చేసినదియు ఒకే సంస్థ. తేడా పరీక్షలో ఉన్నది. పైగా ఆల్ఫాఫోల్డ్ తన ఊహలో ఏ భాగమును ఎంత నమ్మవచ్చునో 100కు మార్కులు వేసి చెప్పును. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగము దీనిని చేసిన హసాబిస్, జంపర్‌లకు లభించినది. ప్రోటీను ఆకారము సరిగానున్నదా అని చూచుటకు 1963లో మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్ బృందము గీసిన పటమును నేటికిని ఉపయోగించుచున్నారు.

వైద్యములో దూరము అన్నిటికన్న ఎక్కువ. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు 2,335 అణువులతో శిక్షణ పొందిన కంప్యూటరు ద్వారా "హాలిసిన్" అను సూక్ష్మజీవినాశకమును 2020లో గుర్తించినారు. అది ఎలుకలలో మొండి బాక్టీరియాను అణచినది. ఎలుకనుండి మనిషికి వచ్చుట మరియొక ప్రయాణము. ఆ ప్రయాణములో ముందున్నది "రెంటోసెర్టిబ్". కారణము తెలియకుండ ఊపిరితిత్తుల కణజాలము గట్టిపడిపోవు వ్యాధికి ఇది ఉద్దేశింపబడినది. ఏ ఎంజైమును అడ్డవలెనో చూపుటలోను, దానిని అడ్డు అణువును రూపొందించుటలోను కృత్రిమ మేధ పాలుగొన్నది. చైనాలో 71 మంది రోగులపై 12 వారములు జరిగిన పరీక్ష ఫలితములు 2025లో వెలువడినవి. గరిష్ఠ మోతాదు రోజుకొకసారి తీసుకొన్నవారిలో, నిండుగా పీల్చి వదలగల గాలి సగటున 98.4 మి.లీ. పెరిగినది, ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారిలో 20.3 మి.లీ. తగ్గినది. ఆశ కలిగించు అంకెలే. అయితే 71 మందిని నాలుగు గుంపులుగా విభజించినారు గనుక గుంపునకు 18 మందికి మించి లేరు. ఈ వ్యాధి సంవత్సరముల తరబడి పెరుగునది. పరీక్ష మూడు నెలలలోపే ముగిసినది. ఆ 118.7 మి.లీ. తేడాలో మందు వంతు ఎంత, యాదృచ్ఛికత వంతు ఎంత అనునది తేలవలెనన్న వందలమందిపై ఇంకను దీర్ఘకాలము పరీక్ష జరుగవలెను.