శ్రీరాములునాయుడి సభ, మా కౌన్సిల్ హాలు

కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' నేను మొదటిసారి చదివింది ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో, హాస్టల్ గదిలో. చివరి పేజీ దగ్గర గుండె ఝల్లుమని పుస్తకం మూసేసి బయటికొచ్చి, మెస్ వెనకాల వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. రెండోసారి చదివింది నలభై దాటాక, ఇక్కడ పెర్త్‌లో, కానింగ్ వేల్‌లోని మా ఇంట్లో. ముగింపు తెలిసిన కథే కాబట్టి ఈసారి నన్ను పట్టుకున్నది ముగింపు కాదు. అంతకు ముందు నడిచే సభ. ఆ సభను నేను ఎక్కడో చూశాననిపించింది. తీరా ఆలోచిస్తే, చూడడమే కాదు, అందులో కూచున్నాను కూడా.

కథ మరిచిపోయినవారి కోసం నాలుగు మాటలు. సుందరపాలెం బాగుపడ్డ ఊరు. ఆ బాగుకు కారకుడు శ్రీరాములునాయుడు. పెద్దమనిషి, నలుగురి మంచీ కోరేవాడు, ఆయన మాటంటే ఊరికి గురి. ఆ ఊళ్లో అప్పల్రాముడు గోపన్నకు బాకీ పడ్డాడు. తగువు తెగక సభ దాకా వచ్చింది. నాయుడు తీర్పు చెప్పాలి. వాదోపవాదాలు అయ్యాక, అప్పల్రాముడు ఉన్న కాస్త భూమీ అమ్మి బాకీ తీర్చేందుకు ఒప్పుకుంటాడు. ఆ తర్వాత అతని కొడుకు సీతారాముడు, తన బిడ్డ కూడా ఈ బానిసత్వంలోనే బతకాల్సి వస్తుందని, ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపుకుంటాడు.

ఈ కథ మీద మనవాళ్లు అరవై ఏళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎక్కువ మాటలు రెండు విషయాల చుట్టూ తిరిగాయి. ఒకటి అప్పు, కులం, దోపిడీ. రెండోది ముగింపు: అలా జరుగుతుందా, అలా రాయవచ్చా అని. రెండూ అవసరమైన చర్చలే. కాని వాటి మధ్య మూడోది ఒకటి జారిపోయిందని నాకనిపిస్తుంది. 'యజ్ఞం' ఒక మీటింగు కథ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మీటింగు ఎజెండా కథ.

గమనించండి. ఆ సభలో పైకి కనిపించే అన్యాయం ఏమీ లేదు. అప్పల్రాముణ్ణి ఎవరూ కొట్టలేదు, నోరు నొక్కలేదు. మాట్లాడనిచ్చారు. తీర్పరి లంచగొండి కాడు. ఊరంతా చూస్తుండగానే జరిగింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రాసెస్ అంతా పక్కాగా ఉంది. అయినా ఫలితం ఘోరం. బగ్ ఎక్కడుంది?

సభ ముందు పెట్టిన ప్రశ్నలో ఉంది. "బాకీ ఉందా, లేదా? ఉంటే ఎలా తీరుస్తావు?" ఇదీ ప్రశ్న. ఊరు ఇంత బాగుపడింది కదా, బాగుపడ్డ ఈ ఊళ్లో కష్టపడే మనిషి ఎందుకు చితికిపోయాడు అన్న ప్రశ్న సభలో ఉన్నవాళ్ల మనసుల్లో మెదిలి ఉండవచ్చు. కాని తీర్పు దాని మీద కాదు. రెండో ప్రశ్నకు ఎన్ని జవాబులు వినిపించినా అవి మొదటి ప్రశ్న కింద లెక్కకు రావు. నాయుడి మంచితనం కూడా ఆ మొదటి ప్రశ్నకు లోబడే పనిచేస్తుంది. అందుకే ఆయన దుర్మార్గుడు కాకపోవడం కథకు లోపం కాదు, ప్రాణం.

ఇప్పుడు మా ఊరు. కానింగ్ వేల్ సగం సిటీ ఆఫ్ కానింగ్‌లోనూ, సగం సిటీ ఆఫ్ గాస్నెల్స్‌లోనూ ఉంటుంది. అంటే ఒకే పేటకు రెండు మునిసిపాలిటీలు. వార్టన్ రోడ్డు మీది గుడికి వెళ్లే మన జనంలో తమ ఇల్లు ఏ కౌన్సిల్ కిందికి వస్తుందో వెంటనే చెప్పగలిగినవారు తక్కువ. తప్పు పట్టడం లేదు, మొదటి ఆరేళ్లూ నాకూ తెలీదు. ఈ రాష్ట్రంలో అసెంబ్లీకి, పార్లమెంటుకి ఓటెయ్యకపోతే జరిమానా. కౌన్సిల్‌కి మాత్రం ఇష్టమైతేనే. కవరు పోస్టులో వస్తుంది. మూడోవంతు అటూఇటూ జనం దాన్ని తిప్పి పంపుతారు. మిగతా కవర్లు పిజ్జా కాగితాలతోపాటు చెత్తబుట్టకు చేరతాయి.

ఆ కానింగ్ కౌన్సిల్‌నే 2012లో రాష్ట్ర ప్రభుత్వం సస్పెండ్ చేసింది. విచారణ జరిగాక 2014లో రద్దు చేసింది. 2015లో మళ్లీ ఎన్నికలు జరిగేదాకా కమిషనర్ల పాలనే. మన ఊళ్లలో స్పెషల్ ఆఫీసర్ల పాలన అంటారే, అదన్నమాట. అదే రోజుల్లో పెర్త్‌లో ఉన్న 30 కౌన్సిళ్లను దాదాపు సగానికి కుదించాలని ప్రభుత్వం పూనుకుని, జనం ఎదురు తిరిగేసరికి 2015 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. అంటే ఇక్కడివాళ్లకు స్థానిక పాలన మీద ప్రేమ లేదనడానికి వీల్లేదు. ఓటెయ్యరు గాని, తీసేస్తామంటే ఊరుకోరు.

దీనికి ఇంకొక మెలిక ఉంది. 2011 నుంచి పెద్ద కట్టడాలకు అనుమతి ఇచ్చేది చాలావరకు కౌన్సిల్ కాదు, డెవలప్‌మెంట్ అసెస్‌మెంట్ ప్యానెల్. దాన్ని తెచ్చినప్పుడు పెట్టిన లెక్క ఇది: అయిదుగురు సభ్యుల్లో ముగ్గురు నిపుణులు, ఇద్దరే కౌన్సిలర్లు. నిపుణులంటే నాకు గౌరవమే, నేనూ ఒక రకం నిపుణుణ్ణే కదా! కాని వాళ్లు తేల్చేది ప్లానింగు సంగతులు మాత్రమే. ఎన్ని అంతస్తులు, నీడ ఎటు పడుతుంది, కార్లు ఎన్ని. ఆ ఇంట్లో అద్దె ఎంతుంటుంది, ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు అన్నవి ప్లానింగు సంగతులు కావు. మీరు అవి రాసి పంపవచ్చు. రిపోర్టు చివర పట్టికలో ఎడమవైపు మీ గోడు ఉంటుంది, కుడివైపు గడిలో ఒక్క మాట ఉంటుంది: "గమనించడమైనది." ఆ పట్టిక చూసినప్పుడే నాకు సుందరపాలెం గుర్తొచ్చింది. అప్పల్రాముడి మాటల్నీ వాళ్లు గమనించారు.

ఇది ఆస్ట్రేలియా జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే పట్నం ఉంది, జనం ఇరవై అయిదు వేల పైచిలుకు. ఫైజర్ కంపెనీ అక్కడ పరిశోధన కేంద్రం పెడుతుందనగానే, పక్కనున్న ఫోర్ట్ ట్రంబుల్ పేటను కొత్తగా తీర్చిదిద్దాలని నగరం తలపెట్టింది. ఇళ్లు అమ్మబోమన్నవారిలో నర్సు సుసెట్ కీలో ఉంది, 1918లో అదే పేటలోని ఇంట్లో పుట్టి అక్కడే బతికిన ఒక ముసలమ్మ ఉంది. తగువు సుప్రీంకోర్టుకెక్కింది. 2005 జూన్ 23న 5-4 తేడాతో కోర్టు నగరం వైపు తీర్పిచ్చింది. ఊరి ఆర్థికాభివృద్ధి కూడా ప్రజాప్రయోజనమే, బాగా ఆలోచించి వేసిన ప్లాను ఉంది, చాలు అన్నది. జస్టిస్ ఓకానర్ మాత్రం, ఈ లెక్కన పలుకుబడి ఉన్నవాడిదే లాభమవుతుందని అసమ్మతి రాసింది. 2009లో ఫైజర్ మూటాముల్లె సర్దుకుని వెళ్తున్నానని ప్రకటించింది. ఇళ్లు పీకేసిన ఆ నేల ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉంది.

జెఫ్ బెనడిక్ట్ దీన్ని 'లిటిల్ పింక్ హౌస్' అని 2009లో పుస్తకంగా రాశాడు. తర్వాత సినిమా కూడా వచ్చింది. కష్టపడి సమాచారం సేకరించిన మంచి పుస్తకమే. కాని 'యజ్ఞం' పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బెనడిక్ట్ పుస్తకంలో మనం ఎవరి పక్షమో మొదట్లోనే తేలిపోతుంది. చదివేవాడు సుసెట్ పక్కన కూచుని ధీమాగా కోపం తెచ్చుకోవచ్చు. కారా ఆ సుఖం మనకివ్వడు. మనల్ని తీసుకెళ్లి సభలో కూచోబెడతాడు, ఎంతోకొంత నాయుడిగారి వైపే కూచోబెడతాడు. "అవునయ్యా, తీసుకున్నప్పుడు తీర్చాలి కదా" అని మనచేత అనిపించి, ఆ తర్వాత ఆ మాటకు ఖరీదెంతో చూపిస్తాడు.

మన దగ్గరికే వస్తే అమరావతి ఉంది. 2014 నాటి చట్టం కింద 2015లో 29 గ్రామాల్లో 33,000 ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. భూమి ఇచ్చిన రైతుకు తిరిగి ప్లాట్లు, ఏటా కౌలు. భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పెన్షన్. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి రైతులు రోడ్డెక్కారు. 2022 మార్చిలో హైకోర్టు వారివైపు తీర్పిచ్చింది. 2024లో ప్రభుత్వం మారి పనులు తిరిగి మొదలయ్యాయి. రైతులకు జరిగిన మాటతప్పు చిన్నది కాదు. వారి పోరాటానికి మన ప్రవాస సంఘాలలో చాలామంది మద్దతు పలికారు, నేనూ పలికాను. అయితే ఆ పదేళ్లూ నడిచిన వాదమంతా ఒప్పందం చుట్టూనే: సంతకం ఉంది, నిలబెట్టుకుంటారా లేదా? ఆ కాగితం మీద కౌలురైతు సంతకం లేదు, నాట్లు వేసే మనిషి సంతకం లేదు. పొలం పోయాక ఆ పెన్షనుతో వాళ్లు ఎలా గడిపారన్నది ఏ పక్షానికీ ప్రధాన ప్రశ్న కాలేదు. రెండు పార్టీలూ హోరాహోరీగా పోట్లాడుకుంటూనే ఒక ప్రశ్నను ఎజెండా బయట ఉంచగలవు.

ఇంత పొగిడాక 'యజ్ఞం' మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. అది ముగింపు గురించే, కాని అందరూ అడిగినట్టు నమ్మదగినదా కాదా అని కాదు. ఆ కత్తి మరీ మెరుస్తుంది. ఆ మెరుపులో మన కళ్లు చెదిరి, అంతసేపూ ఓపిగ్గా కట్టిన సభ మసకబారుతుంది. హాస్టల్లో నాకు జరిగింది అదే. సీతారాముడు గుర్తున్నాడు, నాయుడిగారి ఎజెండా మరిచిపోయాను. ఇరవై ఏళ్ల కుర్రాడి తప్పును రచయిత మీదికి నెడుతున్నానంటారేమో. కావచ్చు. కాని కథ బయట, సభ ఫలితం అలా నెత్తురుతో కనబడదు. ఎవరో ఇంకో పేటకు మారిపోతారు, అంతే. కనబడని నష్టాన్ని కనబడేలా రాసే కథ మనకింకా కావాలి.

చివరిగా, నేను సభలో కూచున్నానన్నాను కదా, ఆ సంగతి. థార్న్‌లీ నుంచి కాక్‌బర్న్‌కు కొత్త రైలుమార్గం 2025 జూన్‌లో మొదలైంది. మా పేటలో రాన్‌ఫర్డ్ రోడ్, నికల్సన్ రోడ్ అని రెండు స్టేషన్లు వచ్చాయి. దానికి కొన్నేళ్ల ముందు, స్టేషనుకు దగ్గర్లో వాటాల ఇళ్లు కట్టే ఆలోచన మీద అభిప్రాయాలు చెప్పమని ఒక సమావేశం పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. పార్కింగు గురించి, ట్రాఫిక్ గురించి అంకెలతో సహా మూడు నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. పరాయిదేశంలో నా మాటకు జనం చప్పట్లు కొట్టడం అదే మొదలు, కాబట్టి పొంగిపోయాను. ఆ కట్టడం ఆగింది. నావల్లే అని చెప్పను, కాని ఆపినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

తర్వాత 2022-23లో పెర్త్‌లో ఖాళీ అద్దె ఇళ్లు నూటికి ఒకటి కూడా లేని రోజులొచ్చాయి. ఆ రోజుల్లోనే మన కుర్రాడొకడు భార్యతో, నెలల పిల్లతో దిగాడు. రెండు నెలలు మా ముందుగదిలోనే ఉన్నారు. ప్రతి శనివారం ఇళ్లు చూడ్డానికి వెళ్లి, వరుసలో ముప్పయ్యోవాడిగా నిలబడి తిరిగొచ్చేవాడు. చివరికి ఎక్కడో దూరాన దొరికింది. వెళ్లేటప్పుడు, "మీ ఇంటి దగ్గర ఎక్కడన్నా చిన్న వాటాలుంటే బాగుండేదన్నా" అన్నాడు. అతనికి ఏమీ తెలీదు, మామూలుగానే అన్నాడు.

ఆ సమావేశంలో నన్నెవరూ అబద్ధం చెప్పమనలేదు. పార్కింగు సమస్య నిజమే, అంకెలూ నిజమే. నన్నడిగిన ప్రశ్నకు నిజాయితీగానే జవాబిచ్చాను. అడగని ప్రశ్న ఇంకా ఈ దేశంలో దిగలేదు, దానికి ఓటూ లేదు. శ్రీరాములునాయుడు కూడా ఇంటికి వెళ్లి, చేతనైనంత న్యాయమే చేశాననుకుని ఉంటాడు.

కారా 2021లో పోయారు. శ్రీకాకుళంలో ఆయన నిలబెట్టిన కథానిలయంలో వేల కథలున్నాయి. ఈసారి 'యజ్ఞం' తీసినప్పుడు చివరి పేజీకి పరుగెత్తకండి. సభలో కాసేపు కూచోండి. మనం ఏ వరుసలో కూచున్నామో చూసుకోండి. తర్వాత మీ ఇంటికొచ్చిన కౌన్సిల్ కవరు చెత్తబుట్టలో వెయ్యకముందు ఒకసారి తెరవండి.