వెడల్పు యాడికి పాయె?

మా సంజామల చుట్టుపక్కల ఇంట్లో నేల అంటే నాపరాయే. బండ కొలతను బిల్లు మీద 24" x 18" అని రాస్తారు. అంగుళాలు చెప్పే ఆ రెండు గీతలే ఒకసారి నా కొంప ముంచాయి.

2006లో ఒక పాలిష్ యూనిట్‌కు ఆర్డర్ల పేజీ చేసిచ్చాను. ఏఎస్‌పీ డాట్ నెట్ 2.0 అప్పుడే కొత్త. కొలత నింపే పెట్టెను సొంత కంట్రోల్‌గా రాశాను. రెండర్ మెథడ్‌లో ఇన్‌పుట్ ట్యాగును ముక్కలుగా ప్లస్ గుర్తులతో అతికించి పంపడమే, గంటలో తేలిపోయింది. వారం తిరక్కుండా ఆ యూనిట్ పిల్లాడి ఫోను: ‘న్నా, పొడుగు కనపడ్తాంది, వెడల్పు యాడికి పాయె?’

విలువను డబుల్ కోట్స్ మధ్య పెట్టాను. బ్రౌజర్‌కు 24 పక్కనున్న అంగుళం గుర్తే ముగింపు కోట్ అయింది. పెట్టెలో 24 మాత్రమే మిగిలింది. ఎవరో సేవ్ నొక్కగానే డేటాబేస్‌లోనూ అంతే.

మైక్రోసాఫ్ట్ వాళ్లు రెండర్ చేతికి హెచ్‌టీఎంఎల్‌టెక్స్ట్‌రైటర్‌ను ఇచ్చింది ఊరికే కాదు. ముందు యాడ్అట్రిబ్యూట్, తర్వాత రెండర్‌బిగిన్‌ట్యాగ్. ఈ వరస తప్పకూడదు. వాల్యూలో ఉన్న కోట్‌ను అదే మార్చి పంపుతుంది. చివరగా తెరిచిన ట్యాగేదో దానికి గుర్తుంటుంది కాబట్టి మూసేటప్పుడు పేరు చెప్పే పనే లేదు. అయితే దాని రైట్ మెథడ్‌ను నమ్మకండి, ఇచ్చింది ఇచ్చినట్టే వదిలేస్తుంది. మామూలు పాఠ్యానికి రైట్ఎన్‌కోడెడ్‌టెక్స్ట్ ఉంది.

ఇంకో దారి కాంపోజిట్ కంట్రోల్. ఆళ్లగడ్డ శిల్పి ఒకే రాతిలోంచి విగ్రహం తీస్తాడు, రెండర్ అలాంటిది. కాంపోజిట్ అంటే బండలు పరచడం. క్రియేట్‌చైల్డ్‌కంట్రోల్స్‌లో టెక్స్ట్‌బాక్స్‌ను, లేబుల్‌ను చేరిస్తే వాటి హెచ్‌టీఎంఎల్ అవే రాసుకుంటాయి. ఒకే పేజీలో అలాంటివి రెండున్నా లోపలి ఐడీలు కొట్టుకోవు. టెక్స్ట్‌బాక్స్ కోట్‌ను మార్చి పంపుతుంది, లేబుల్ మాత్రం మార్చదు. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములకు ఈ తేడా ఎందుకో!

వందల వరుసల్లో చూపడానికి మాత్రమే అయితే నేటికీ చేత్తో రెండర్ రాస్తాను, తేలిగ్గా ఉంటుంది. జనం టైపు చేసేదయితే కాంపోజిటే. లేదంటే పోస్ట్‌బ్యాక్‌లో వచ్చిన విలువను ఏరుకునే పనీ మన నెత్తినే పడుతుంది.

కోడు ఆ రాత్రే సరిచేశాను. పోయిన వెడల్పులు మాత్రం వెనక్కి రాలేదు. మర్నాడు ఆ పిల్లాడూ నేనూ రాతిపొడి దులుపుకుంటూ, బిల్లు పుస్తకాలు ముందేసుకుని పొద్దుగుంకేదాకా మళ్లీ ఎక్కించాం.