పొయ్యెక్కని తీపి

శ్రావణం దగ్గరపడుతోంది. మా వైపు కొన్ని ఇళ్లలో నాగుల చవితి ఆ నెలలోనే, కొన్ని ఇళ్లలో కార్తీకంలో. మాది శ్రావణంలోనే. ఆ పూట పొయ్యి మీద మూకుడు పెట్టనిచ్చేది కాదు మా జేజి. పుట్ట దగ్గరికి తీసుకుపోయేవన్నీ నిప్పు తగలనివే: పచ్చి నూగుల చిమ్మిలి, తడిబియ్యప్పిండి చలిమిడి, నానబెట్టిన పెసరపప్పు. జమ్మలమడుగులో మా ఇంటి వెనక వేపచెట్టు కింద రోలు ఉండేది. చిమ్మిలి దంచడం పిల్లల పని. పెద్దవాళ్లు అక్కడక్కడే తిరుగుతుండేవాళ్లు గానీ రోకలి మాత్రం ముట్టేవాళ్లు కాదు. అది వాళ్లు కావాలనే చేశారని నాకు నలభై దాటాక గానీ తట్టలేదు.

ఇప్పుడు ఉండేది ప్రొద్దుటూరులో. రెండేళ్లుగా ఆదివారం పొద్దున మా వీధి పిల్లలు ఏడెనిమిది మంది మా ఇంటికొస్తారు. పొయ్యి వెలిగించకుండా, పాలూ నెయ్యీ వాడకుండా ఏదో ఒక తీపి చేస్తాం. వాళ్లలో ఒక పిల్లవాడికి పాలు పడవు. వాడి కోసమే ఆ నియమం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనకోడలు ఒకసారి చూసి, "అత్తా, మీరు చేసేది వీగన్ స్వీట్లు" అంది. ఆలోచిస్తే నిజమే. పుట్టలో పోసే పాలు పక్కన పెడితే, మా జేజి పళ్లెంలో మిగిలినదంతా అదే.

మొదటి ఆదివారం నేను పెద్ద తప్పు చేశాను. పని తొందరగా తెమలాలని నూగులూ బెల్లమూ మిక్సీలో వేశాను. నూగుల్లో సగానికి సగం నూనే. బ్లేడు వేడికి అది ఒక్కసారిగా ఊరి, బెల్లం కరిగి, ఉండకు రాని జారుడు ముద్ద తయారైంది. దాన్ని సరిచేయడానికి నేను తంటాలు పడుతుంటే పిల్లలు గోడకు ఆనుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకతె అంది: "పెద్దమ్మా, అంతా నువ్వే జేస్తాండావు. మేమేం జేయాల?" మరుసటి వారం ఊరికి పోయి పాత రోలు తెచ్చుకున్నాను.

నూగులు దంచడం కంటే ముందు గాలించడం నేర్చుకోవాలి. నూగు గింజా ఇసుక రేణువూ దాదాపు ఒకే సైజు, చాటలో చెరిగితే విడిపోవు. గిన్నెలో నీళ్లు పోసి, గిన్నెను వాలుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ, నీళ్లతో పాటు తేలివచ్చే నూగుల్ని రెండో గిన్నెలోకి వంచాలి. ఇసుక అడుగున ఆగిపోతుంది. మణికట్టు కొంచెం తొందరపడితే ఇసుక కూడా వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు నాలుగు వారాలు పట్టింది. అయిదో వారం గిన్నె అడుగున చిటికెడు ఇసుక చూపిస్తూ అది నవ్విన నవ్వు నేను మర్చిపోలేను. గాలించిన నూగుల్ని గుడ్డ మీద బాగా ఆరబెట్టాలి. తడి మిగిలితే చిమ్మిలి నిలవుండదు.

ఇక దంచుడు. మొదట గింజలు రోట్లో ఎగిరెగిరి పడతాయి. కాసేపటికి పొడి అవుతాయి, పిల్లలు ఇదే అయిపోయిందనుకుంటారు. కాదు. ఇంకా దంచితే పొడి రంగు మారుతుంది, రోకలికి అంటుకుంటుంది, దెబ్బ చప్పుడు బరువెక్కుతుంది. లోపలి నూనె అప్పుడే బయటికొస్తున్నట్టు. బెల్లం తరుగు వేయాల్సింది ఆ చప్పుడు విన్నాకే. మంట చేసే పని ఇక్కడ చేతులు చేస్తాయి. బుడ్డల, అంటే వేరుశనగల చిక్కీ అయితే ముదురుపాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వం. అది మరిగే నీళ్ల కంటే ఎంతో వేడి, ఒంటి మీద పడితే అతుక్కుంటుంది. పిల్లలు దూరంగా నిలబడి తినడానికే మిగులుతారు. చిమ్మిలిలో వాళ్లకు అందని పని ఒక్కటీ లేదు.

బుడ్డల ఉండలకు మాత్రం వేయించక తప్పదు. ముందురోజు రాత్రి ఆ పని నేను చేసిపెడతాను, అంతకుముందే పిల్లలు ఏరతారు. ఏరడాన్ని తేలిగ్గా తీసుకోనివ్వను. బూజు పట్టిన బుడ్డల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, వేయించినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటి దాణాలోని వేరుశనగ పిండి అని తేలింది. పంట చివర్లో వాన మొహం చాటేస్తే ఈ బూజు ఎక్కువవుతుంది. మన సీమలో వాన సంగతి చెప్పేదేముంది. అందుకే ముడుచుకున్నవీ రంగు మారినవీ ఒక్కటి కూడా పోనివ్వరు మా పిల్లలు. నాలుగైదేళ్ల లోపు పసివాళ్ల చేతికి మాత్రం గింజలు ఇవ్వం, గొంతులో అడ్డం పడతాయి.

బెల్లం ఆరోగ్యానికి మంచిదని ఎంతైనా వేసేయడం నాకు నచ్చదు. బెల్లమూ చక్కెరే. మొత్తం కేలరీల్లో ఇలాంటి చక్కెరల వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1500 కేలరీలు తినే బిడ్డకు అది 37 గ్రాములు. మేం 200 గ్రాముల నూగులకు 100 గ్రాముల బెల్లం వేసి, 20 గ్రాముల ఉండలు చుడతాం. ఒక్కో దాంట్లో బెల్లం ఏడు గ్రాములకు మించదు. బంగారం పని చేసే ఇంటి పిల్ల ఒకతె ఉంది మాలో. తూకం దాని చేతిలోనే. గ్రాము అటూ ఇటూ అయినా ఒప్పుకోదు, ప్రొద్దుటూరు పిల్ల మరి.

పులివెందుల నుంచి మా చెల్లెలు అరటిగెల పంపిన వారం బెల్లం డబ్బా తెరవం. పచ్చి అరటికాయలో అయిదో వంతు దాకా పిండిపదార్థమే, పండేకొద్దీ దాదాపు అంతా చక్కెరగా మారుతుంది. తొక్క మీద నల్లమచ్చలొచ్చి ఎవరూ ముట్టని పండే మాకు కావాలి. దాన్ని మెదిపి, పప్పుల పిండీ ఎండుకొబ్బెర తురుమూ కలిపి చిన్న చిన్న ఉండలు చేసి, నూగుల్లో దొర్లిస్తాం. అవి ఆ పూటే తినెయ్యాలి.

పాలు పడని పిల్లవాడి పుట్టినరోజు పోయిన నెల. ఇతరుల పుట్టినరోజులకు బళ్లో ఇచ్చిన కేకుముక్క చేతిలో పట్టుకుని, ఎవరూ చూడనప్పుడు పక్కవాడికి ఇచ్చేసేవాడట, వాళ్లమ్మ చెప్పింది. ఈసారి క్లాసులో అందరికీ తానే చిమ్మిలి పెడతానన్నాడు. నువ్వులు పడనివాళ్లు కూడా ఉంటారు. అమెరికాలో 2023 నుంచి తినుబండారంలో నువ్వులుంటే ఆ సంగతి ప్యాకెట్ మీద తప్పక రాయాలి. క్లాసులో ముందే అడగమని నేను వాడికి చెబుదామనుకునే లోపే, "నిన్ననే క్లాసులో అడిగినా పెద్దమ్మా, నూగులు పడనోళ్లు ఎవురూ లేరంట" అన్నాడు.

360 గ్రాముల నూగులు, 180 గ్రాముల బెల్లం. లెక్కకు 27 ఉండలు రావాలి, 26 వచ్చాయి. క్లాసులో ఉన్నది సరిగ్గా 26 మంది. తూకం పిల్ల మొహం చిన్నబుచ్చుకుని త్రాసు రెండుసార్లు చూసుకుంది. ఇరవయ్యేడోది రోలుకే అంటుకుని ఉంది. దాన్ని మేమంతా చుట్టూ కూర్చుని గోళ్లతో గీక్కుని తిన్నాం.