కన్యాశుల్కము: స్వగతమునకు తెరపై చోటు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున కన్యాశుల్కము పాఠము చెప్పువారికి ఒక చిక్కు తరచుగా ఎదురగుచుండును. సమాధానపత్రములలో కనిపించు గిరీశము పెక్కుమారులు గురజాడ గిరీశము కాడు. తార్నాకలోని అద్దెగదిలో విద్యార్థి చిన్నతెరపై చూచిన చలనచిత్రములోని గిరీశము. దీనిని విద్యార్థి దోషమని త్రోసివేయరాదు. నాటకము తెరకెక్కునపుడు ఏది మారునో, ఏది జారిపోవునో నిర్ణయించుట విమర్శకుని పని. ఆ మార్పునకు మూలము కథలో కంటె స్వగతములో ఎక్కువగా నున్నదని నా అభిప్రాయము.

తెలుగు తెర మొదటినుండియు రంగస్థలమునకు ఋణపడియున్నది. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదకు ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము ఆధారము. సురభి నటులు అందు పాల్గొనిరి. 1939లో చిత్తజల్లు పుల్లయ్య కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయమును చిత్రముగా తీసెను. భానుమతి తొలిసారి తెరపై కనిపించినది అందులోనే. ఆనాటి ప్రేక్షకులలో పలువురు ఆ నాటకములను ముందే ఎరిగినవారు. తెరపై లోపించినదానిని వారు స్మృతితో పూరించుకొనగలిగిరి. నేటి విద్యార్థికి ఆ స్మృతి లేదు.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో ఎంతయో పెరిగిన రూపమును పొందినది. ఆ రూపమున నాటకము బొంకులదిబ్బపై ఒంటరిగా నిలిచిన గిరీశము స్వగతముతో మొదలగును. సామాను కొనిపెట్టుదునని పూటకూళ్లమ్మ యొద్ద తీసికొన్న సొమ్మును వేశ్యకై ఖర్చుచేసిన సంగతి అతడే బయటపెట్టుకొనును. తరువాత వెంకటేశము రాగా గురువై గొప్పలు చెప్పును. ఈ రెండు పలుకులను ప్రక్కప్రక్కన విన్నవాడు ప్రేక్షకుడొక్కడే, వెంకటేశము వినలేదు. నవ్వు పుట్టుట ఆ వ్యత్యాసమునుండియే. గిరీశముపై తీర్పు చెప్పు అధికారమును కూడ ప్రేక్షకునకు అదియే ఇచ్చుచున్నది. బుచ్చమ్మకు వితంతు వివాహమును గూర్చి అతడు చెప్పు మాటలు మనకు భయము గొల్పుటకు కారణము, అతని లోపలి లెక్క మనకు ముందే తెలిసియుండుట.

1955లో పి. పుల్లయ్య దర్శకత్వమున వెలువడిన చిత్రములో ఎన్.టి. రామారావు గిరీశముగను, సావిత్రి మధురవాణిగను, రంగస్థలమున ఆరితేరిన గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులుగను నటించిరి. నటనలో కొరత యున్నదని నేననను. అయితే ప్రియమైన నటుని ముఖము వెండితెర నిండ కనిపించునపుడు ప్రేక్షకుడు న్యాయాధిపతిగా నుండక అభిమానిగా మారును. గురజాడవారి పూర్ణమ్మ గేయమును చిత్రములో చేర్చుటయు గమనింపదగినది. నాటకము కన్నీటిని నేరుగా యాచింపదు. నవ్వు చాటున దానిని దాచును. గేయము ఆ చాటును తొలగించినది.

చిన్నతెర సంగతి వేఱు. ఆస్ట్రేలియాలో టెలివిజన్ 1956లో ప్రారంభమైనది. తొలి సంవత్సరములలో అచట నాటకములు స్టూడియోనుండి ప్రత్యక్షముగా ప్రసారమయ్యెడివి. ఆలన్ సేమూర్ రచించిన ‘ది వన్ డే ఆఫ్ ది ఇయర్’ 1960లో రంగమెక్కి, 1962లో టెలివిజన్‌కు వచ్చినది. తండ్రీకొడుకుల ఘర్షణ ఇంటి నాలుగు గోడల నడుమ సాగు నాటకమది. ఇంటిలో కూర్చుండి చూచు తెరకు తగినది. మనకు హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ఏర్పడినది. కన్యాశుల్కము అగ్రహారములకును ఊళ్లకును వ్యాపించినది కావున ఇరుకు స్టూడియోకు లొంగదని తోచవచ్చును. కాని దాని స్వగతములు లొంగును. చిన్నతెరపై మనుష్యుడు మనవంక చూచి మెల్లగా మాటాడిన అసహజముగా తోచదు. వార్తలు చదువువాడు చేయు పని అదియే. వెండితెర విడిచిన స్వగతమును ఈ తెర తిరిగి అందుకొనగలదు.

కావున అనుసరణను తూచునపుడు, ఎన్ని రంగములు మిగిలినవని మాత్రమే లెక్కింపరాదు. పాత్ర తన రహస్యమును ఎవరితో చెప్పుచున్నదని ప్రశ్నింపవలెను. విద్యార్థికి చిత్రమును వలదనుట తగదు. బొంకులదిబ్బపై తొలి స్వగతమును ముందుగా బిగ్గరగా చదివించి, పిదప చిత్రము చూపిన చాలును. ఏది జారిపోయినదో అతని చెవియే చెప్పును.