నాలుగో భాషగా ఇంగ్లీషు: బోధన చేతిపుస్తకాలపై ఒక విమర్శ

ఇంగ్లీషు ఉపాధ్యాయుల కోసం వెలువడే చేతిపుస్తకాలకు కొదవలేదు. ఆటలు, పాటలు, బొమ్మల అట్టలు, జంట సంభాషణలు మొదలైన వాటిలో పనికివచ్చే ఉపాయాలు లేవనడం అన్యాయం. అయితే చాలావాటిలో ఒక మౌలికమైన లోపం ఉంది. తరగతిలోని పిల్లలందరి ఇంటిభాషా ఒకటేననీ, దాన్ని గుమ్మం బయట వదిలివస్తేనే ఇంగ్లీషు పట్టుబడుతుందనీ అవి భావిస్తాయి. ఈ భావనలు ఎంతవరకు నిలుస్తాయో తెలియాలంటే రాయగడ జిల్లాలోని కల్యాణసింగ్‌పూర్ వంటి చోటును చూడాలి.

1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగం. నియమగిరి పరిసరాల్లోని కోందులలో చాలామంది ఇంటిభాష కువి, బడిభాష ఒడియా, సరిహద్దు దగ్గర కావడంవల్ల తెలుగూ వినబడుతుంది. ఇక్కడి పిల్లల్లో కొందరికి ఇంగ్లీషు మూడో భాష, కొందరికి నాలుగోది. ఇంటిభాషను నిషేధిస్తే ఈ పిల్లలకు అర్థం చేసుకొనే సాధనమే పోతుంది.

మాట్లాడే భాషకు మొదటి స్థానం ఇవ్వాలన్న సూత్రం తెలుగువారికి కొత్తకాదు. 1907 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షకుడిగా ఉత్తర సర్కారులకు వచ్చిన యేట్స్, తెలుగు పుస్తకాల భాషకూ జనం నోటిభాషకూ అంత దూరమెందుకని ప్రశ్నించాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచారు. అంతకుముందే ఆయన సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు సిద్ధం చేశారు. నోటిభాషను గౌరవించడమే ఆయన గ్రహించిన సారం. తరువాతి చేతిపుస్తకాలు ఆ సారాన్ని వదిలి నిషేధాన్ని పట్టుకున్నాయి.

ఇందుకు భిన్నమైన ప్రయత్నం ఎన్.ఎస్. ప్రభు 1979-84 మధ్య దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రయోగం. 1987లో ఆయన దానిపై పుస్తకం ప్రచురించారు. వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించకుండా, పటమో రైళ్ల వేళల పట్టికో చూపి, ఆలోచించి తేల్చవలసిన ప్రశ్న ఇవ్వడం ఆ పద్ధతి. దానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. అయితే పిల్లలకు ముందే తెలిసిన భాషల మధ్య పోలికను పాఠంగా మలచడం ఆ ప్రయోగానికి లక్ష్యం కాదు. కల్యాణసింగ్‌పూర్ వంటి చోట మనం పూరించవలసింది ఆ ఖాళీనే.

కొన్ని ఉదాహరణలు చూద్దాం. తెలుగులో 'మనం', 'మేము' వేరు. కువిలోనూ ఈ భేదం ఉంది. ఇంగ్లీషు 'వుయ్'లో ఈ భేదం లేదు. "వుయ్ ఆర్ గోయింగ్ టు ద మార్కెట్" అన్నప్పుడు వింటున్నవాడూ వస్తున్నాడా అని అడిగితే ఒక మంచి చర్చ పుడుతుంది. హ్రస్వదీర్ఘాల భేదం తెలుగు పిల్లల చెవికి అలవాటే. ఒడియా ఉచ్చారణలో అది అర్థభేదకం కాదు. కనుక 'షిప్', 'షీప్' మాటలను విడదీయడంలో తెలుగు పిల్లవాడు పక్కవాడికి సాయపడగలడు. సంతలో ధరల పట్టిక, నాగావళి కొండల్లో పుట్టి శ్రీకాకుళం వైపు సాగే దారి పటం ప్రభు పద్ధతికి తగిన సామగ్రి.

దీనివల్ల ఇంగ్లీషు గంట అనువాదపు గంటగా మారిపోదా అన్న ఆక్షేపణ సమంజసమైనదే. వాక్యవాక్యానికీ అర్థం చెప్పి ముగించే పాఠంలో పిల్లవాడు ఇంగ్లీషు వినడు, మాట్లాడడు. కాబట్టి ఇంటిభాషను వివరణకూ పోలికకూ పరిమితం చేసి, ప్రశ్న, జవాబు, వాదం ఇంగ్లీషులో నడపాలి. ఉపాధ్యాయుడికి కువి రాకపోతే పిల్లలనే అడగవచ్చు. చెప్పేవారిగా నిలబడిన పిల్లలకు నోరు విప్పే ధైర్యం వస్తుంది.

ఒడిశా ప్రభుత్వం 2006-07 ప్రాంతంలో కువితో సహా పది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభించింది. ఇంగ్లీషు పాఠం దానికి ఎదురుగా కాక కొనసాగింపుగా నిలవాలి. తెలుగునాడుకు వెలుపల చదువుతున్న మన విద్యార్థుల్లో రేపు ఇంగ్లీషు ఉపాధ్యాయులయ్యేవారు ఉంటారు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటిగా రెండు భాషలతో పెరగడం వారికి లోటు కాదు. ఏ చేతిపుస్తకమూ ఇవ్వలేని సామగ్రి అదే.