కుంకుడు రసం తీయడం ఒక విద్య

కుంకుడుకాయలు కొట్టడంలో మా నాయనమ్మను మించినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. గుండ్రాయితో ఒక్కటే దెబ్బ. తొక్క చిట్లి, నల్లగింజ చెక్కుచెదరకుండా పక్కకు దొర్లేది. తొక్కల మీద వేడినీళ్ళు పోసి, అరగంట నాననిచ్చి, వేళ్ళతో పిసికి, పల్చటి పాత చీర ముక్కలో వడగట్టేది. వడగట్టడంలో బద్ధకిస్తే తొక్కలు జుట్టులో ఇరుక్కుని దువ్వెనకు తగులుతాయి. చివర్లో నూరిన మందారాకు కలిపేది. దాని జారుడుకే చిక్కు విడిపోయేది.

ఆవిడ పరీక్ష మరీ గొప్పది. తొలి విడత రసానికి నురగ రాదు, తలకు పట్టించిన నూనె దాన్ని అణిచేస్తుంది. రెండో విడతకు నురగ లేచిందా, జిడ్డు వదిలినట్టే. ఆ పైన ఒక పాయను రెండు వేళ్ళ మధ్య పట్టి లాగేది. కిర్రుమంటేనే చాలించేది. కళ్ళు మండుతున్నాయని మేం ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది.

ఈ పనంతా తొక్కలోని సపోనిన్లది. వాటి ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండోది నీటిని. శీకాయలోనూ అవే ఉన్నాయి. తమిళులు శీకాయకే ఓటేస్తారు, వాళ్ళ ఇష్టం. తలకు దట్టించిన ఆముదాన్ని వదిలించాలంటే మాత్రం కుంకుడే దిక్కని నేను పందెం కాస్తాను. పైగా కుంకుడు, శీకాయ రెండూ కాస్త ఆమ్ల గుణం ఉన్నవే. ఒంటి సబ్బు క్షారం. అది వెంట్రుక మీది పొలుసులను లేపి గరుకు చేస్తుంది.

షాంపూ అన్న మాట కూడా మన 'చాంపీ' నుంచి వెళ్ళిందే. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆ పేరుతోనే మర్దన స్నానశాల నడిపి, ఇద్దరు రాజుల మెప్పు పొందాడు.

మన మాటనే సీసాకెక్కించి మనకే అమ్ముతున్నారు! ముందు కుంకుడుకాయ బొమ్మ, ఆకుపచ్చ రంగు, 'హెర్బల్' అన్న పెద్దక్షరాలు. వెనక చిన్నక్షరాలు చదవండి. చాలా సీసాల మీద నీళ్ళ తర్వాత సోడియం లారెత్ సల్ఫేట్ ఉంటుంది, కుంకుడు పేరు ఎక్కడో తోకన. ఆ చిక్కదనం కూడా చాలావాటిలో ఉప్పు కలిపితే వచ్చిందే. ఇది చూస్తే నా కడుపు మండిపోతుంది.

నిజంగా మూలికలతో షాంపూ చేసేవాళ్ళ కష్టం వేరు. ఉత్త రసం రెండు రోజులకే పులిసిపోతుంది. అది చెడకుండా, కళ్ళు మండకుండా, గుణం పోకుండా నిలబెట్టేవాళ్ళకు దండం పెట్టాలి. వాళ్ళ సరుకును నురగ ఎత్తును బట్టి తూచకండి. ప్రయోగశాలల్లో చేసే సిరా పరీక్ష ఇంట్లోనూ చేయొచ్చు: పది మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు చుక్కల షాంపూ, ఒక చుక్క నల్ల ఇండియా ఇంకు వేసి, మూత పెట్టి కుదపండి. నలుపు నీళ్ళలో ఉంటే మంచిది. నురగలోకి ఎక్కిందా, తలలో మురికి కూడా అలాగే నురగలో నిలిచి, కడిగినా సరిగా పోదు.

ఏజెన్సీ గిరిజనులు ఏరి తెచ్చే కుంకుడుకాయలను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఈ భోగికి అరకిలో తెచ్చుకోండి. ముడతపడి, లోపల జిగురున్న కాయ ఏరుకోండి. తలకు పది పన్నెండు, వాలుజడైతే ఇరవై.