వేసవిలో పచ్చిక: ఒక విమర్శ

కార్యాలయమునకు గాని, పాఠశాలకు గాని ముంగిట పచ్చిక ఉన్ననే శోభ అను అభిప్రాయము మన పట్టణములలో పాతుకొనిపోయినది. నిజామాబాదులో నేనెరిగిన ఒక విద్యాలయమున మార్చి, ఏప్రిలు నెలలలో తోటమాలి రెండు పూటల గొట్టముతో పచ్చికను తడుపుచుండగా, పిల్లల మంచినీటి తొట్టి మధ్యాహ్నమునకే ఖాళీ అగుచుండెను. రెంటికిని నీరు ఒకే బోరుబావినుండి రావలెను. ఈ విమర్శకు కారణమదియే.

ఇంగ్లండులో వానలు హెచ్చు గనుక అచ్చట పచ్చిక పెరుగునని పిల్లలకు చెప్పుచుందుము. ఇది సరికాదు. లండనులో ఏడాదికి కురియు వాన సుమారు 600 మిల్లీమీటర్లు. నిజామాబాదులో సుమారు 1000. భేదము మొత్తములో లేదు, పంపకములో ఉన్నది. అచ్చటి కొద్దివాన పన్నెండు నెలలకు సర్దుకొనును. మన వానలో అధికభాగము జూను మొదలు సెప్టెంబరులోపల కురిసిపోవును. ఇక మన ఎండ సంగతి చెప్పనక్కరలేదు. నడివేసవిలో తడిపిన పచ్చికనుండి రోజుకు 5 మిల్లీమీటర్లకు తక్కువగాక నీరు ఆవిరియగును. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు నీరనగా 1 లీటరు. కావున 1000 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 5000 లీటర్లు. పట్టణవాసికి రోజుకు 135 లీటర్లు ప్రభుత్వ ప్రమాణము. అనగా 37 మంది నీటిని ఆ పచ్చిక త్రాగుచున్నది! తొమ్మిదవ తరగతి విద్యార్థిచేత ఈ లెక్క చేయించవచ్చును.

చెరకు కూడ గడ్డి కుటుంబములోనిదే, నీటికి అదియు ఆశపోతే. కాని నిజాంసాగరు నీరు త్రాగి బోధన్ చెరకు చక్కెర నిచ్చినది. 1937లో స్థాపితమైన అచ్చటి కర్మాగారము 2015లో మూతపడువరకు ఎన్నో కుటుంబములను పోషించినది. పచ్చిక ఇచ్చునదేమి? కత్తిరించి పారవేయు గడ్డి.

అయితే తప్పు గడ్డిది కాదు. గరిక మనదే. నీరులేక ఆకు ఎండినను భూమిలోని కాండము బ్రతికియుండి, తొలకరికి తానే చిగిర్చును. ఆటస్థలమున గరికను ఉంచుకొందము, వేసవిలో ఎండనిత్తము. ఏప్రిలులో కూడ అది ఆకుపచ్చగనే ఉండవలెనను పట్టుదలయే దోషము.

మిగిలినచోట తంగేడు, వెంపలి, గునుగు పెరుగనిండు. తంగేడు వేరూనిన పిదప వేసవిలో నీరడుగదు. వెంపలి వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరపరచి నేలకు బలమిచ్చును. గునుగు విత్తు రాలి మరుసటి వానలకు తానే మొలచును. బతుకమ్మకు ఈ పూలకై పట్టణములో ఎంత తిరుగవలసి వచ్చుచున్నదో మీ విద్యార్థినులనే అడుగుడు. 2014లో రాష్ట్రపుష్పముగా ప్రకటించుకొన్న తంగేడును పెరికి, ఆ చోట కొరియా గడ్డి పరచుట విడ్డూరము.

సహజవనము పేరిట నేలను గాలికి వదలువారినిగూడ మెచ్చలేను. అట్టి చోటును వయ్యారిభామ ఆక్రమించును. దానివలన చర్మమునకు దురద, కొందరికి ఉబ్బసము కలుగును. పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని, వేళ్లతో పెరికివేయవలెను. ఇది పెద్దల పని, పిల్లలచేత చేయించరాదు. మొదటి రెండేండ్లు ఈ శ్రమ తప్పదు. జిల్లేడు మొలచిన దానిని తరగతిగదుల దరి ఉంచకుడు. దాని పాలు కంటికి హాని.

పచ్చికనంతయు ఒక్కసారి త్రవ్వివేయనక్కరలేదు. ప్రహరీగోడ ప్రక్కన ఎవరును నడువని మూడు మీటర్ల పట్టీతో, తొలకరి తరువాత, ప్రారంభింపుడు. తరువాతి వేసవిలో తోటమాలి గొట్టము ఎన్ని నిమిషములు తక్కువ పారినదో విద్యార్థులచేత వ్రాయించి ఉంచుడు.